వెచ్చటి బూడిద రంగు

గోడ మీంచి దించి సోఫాలో వెల్లకిలా పడుకోబెట్టిన గడియారం నాలుగు చూపిస్తోంది, అమ్మాయి ఐదింటికి గానీ రాదు, ఆలోపల ఆమె ఏ గోడనీ ముట్టుకోకుండా హాలు మధ్యలో స్టూలు మీద కూర్చుని ఉండాలి. వంటగది ఇంకా ఆరలేదట. చెయ్యి పెడితే వేలిముద్రలు పడతాయట. పొద్దున చివరి గోడకి రెండో పూత వేసేసి, చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, రంగుల కొట్లో పనికి వెళ్తూ పిల్ల గుమ్మంలో రెండుసార్లు చెప్పింది, ఆమెకేదో పచ్చి గోడలు తడిమి చూసే జబ్బున్నట్టు. ఉన్న మాట నిజమే, పెనం వేడెక్కిందో లేదో వేలు పెట్టి చూస్తుంది, ఆరేసిన బట్టల్ని పదిసార్లు నలిపి చూస్తుంది, పిల్ల నుదురు రోజుకి నాలుగుసార్లు పట్టుకు చూస్తుంది, చూడకపోతే ఎలా తెలుస్తుంది, ఈ ఇంట్లో ఆమెకి ఎవరు ఏం చెప్తారు గనక, అన్నీ ఆమే పట్టుకోవాలి, నాడి పట్టినట్టు, దొంగని పట్టినట్టు. ఇప్పుడూ ఏదో ఉంది. పిల్ల ఏదో దాస్తోంది. అదేమిటో ఐదింటిలోగా తెలియాలి, వచ్చాక అడిగితే నవ్వేసి గదిలోకి వెళ్ళిపోతుంది, పోనీ మొహం చూసి కనిపెడదామంటే ఈమధ్య మొహం కూడా సరిగ్గా చూడనివ్వడం లేదు.

అసలు ఈ గోడల సంగతేమిటి. పదిహేను రోజుల కిందటి దాకా ఈ హాలు పసుపు, పెద్ద పడకగది నీలం, అమ్మాయి గది చిలకాకుపచ్చ, వంటగది ఒకప్పుడు తెలుపు, ఒక్కో రంగూ ఒక్కో తగాదా మీద వేసుకున్నది, నీలం ఆయన పంతం, పసుపు తన పంతం, ఆకుపచ్చ పిల్ల పదో ఏట రెండు పూటలు అన్నం మానేసి సాధించుకున్నది. అలాంటి ఇంటికి ఒక ఆదివారం పొద్దున అమ్మాయి ఆటోలో ఏడు డబ్బాలు వేసుకుని దిగింది. ఇల్లంతా ఒకే రంగు వేస్తానంది. ఏం రంగే అంటే, వార్మ్ గ్రే అంది. తెలుగులో ఏడువు అంటే, రోలరు తడుపుకుంటూ కాసేపు ఆలోచించి, "వెచ్చటి బూడిద రంగు" అంది.

 బూడిద వెచ్చగా ఉందంటే ఏదో ఇప్పుడే కాలిందన్న మాటే కదా. చల్లారిన బూడిద అయితే గిన్నెలు తోముకోవచ్చు, వెచ్చటి బూడిద జోలికి ఎవరూ వెళ్ళరు, దాని కింద ఇంకా నిప్పుంటుంది, ఆమె చిన్నప్పుడు వాళ్ళక్క పొయ్యి ఆరిపోయిందనుకుని చెయ్యి పెట్టి నెల్లాళ్ళు కట్టు కట్టుకుని తిరిగింది. ఆ సంగతే చెప్పబోతే పిల్ల నవ్వింది. "రంగుకి వేడేంటమ్మా, కొంచెం ఎరుపూ కొంచెం పసుపూ తగిల్తే వెచ్చన అంటాం, నీలం తగిల్తే చల్లన అంటాం." ఎవరంటారు? "కొట్లో అంటాం." కొట్లో ఇంకా ఏమేం అంటారో, ఏమేం అనుకుంటారో, ఇంటిదాకా ఎన్ని వస్తాయి. నవ్వింది గానీ ఆ నవ్వు కూడా పెదవుల దాకా వచ్చి ఆగిపోయిన నవ్వు, కళ్ళలోకి వెళ్ళలేదు, ఆమె చూసింది, ఆమెకి కావలసింది ఎప్పుడూ అదే, ఒక్క వెంట్రుకవాసి తేడా, దాన్ని పట్టుకుని వారం రోజులు కుమిలిపోగలదు.

పై ఇంటి టైలరమ్మ మర్నాడే దిగి వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇల్లు గానీ అమ్మేస్తున్నారా ఏం వదినా," అంది. "మా చెల్లెలు వాళ్ళు అమ్మే ముందు ఇలాగే బూడిద కొట్టించారు. కొనేవాడికి ఏ రంగు పడుతుందో తెలియదుగా, ఏ రంగూ లేకుండా చేసేస్తే గొడవుండదని." ఆమె పైకి నవ్వి, తలుపు వేసి, అప్పటికప్పుడు బీరువాలో కాగితాలున్నాయో లేవో చూసుకుంది. ఉన్నాయి. ఉన్నా మనసు ఊరుకోలేదు, నకళ్ళు తీయించుకుని ఉండొచ్చుగా. సాయంత్రం ఆయన్ని కదిపితే, ఆయన లిఫ్టు మెకానిక్కు, రోజంతా ఎవరి భవనాల్లోనో ఇనప గూళ్ళ మధ్య వేలాడి వస్తాడు, చొక్కా విప్పుతూ గోడల వంక ఒక చూపు చూసి, "లిఫ్టు లోపల ఇదే రంగు. పని నుంచి ఇంటికొచ్చినట్టే లేదు, ఏ అంతస్తు నొక్కాలో చెప్పు," అన్నాడు. ఇల్లు అమ్ముతున్నారా అని సూటిగా అడిగితే, అమ్మితే ముందు నిన్ను ఎక్కడ పెట్టాలో ఆలోచించాలి కదే అన్నాడు. ఆయనతో ఎప్పుడూ అంతే, ఆమె గుండె చేత్తో పట్టుకుని వెళ్తే దాని మీద ఒక జోకు వేసి తిరిగి చేతిలో పెడతాడు. ఆమె తుమ్మితే తుపానంటాడు, దగ్గితే భూకంపం అంటాడు. దగ్గు మాట మాత్రం ఈమధ్య అనడం మానేశాడు.

దగ్గు. వానలు మొదలైనప్పుడు మొదలై, వానలు వెళ్ళిపోయినా వెళ్ళలేదు, పిల్ల రంగుల వాసన పడక అంది, ఆమె కాదంది, ఆమె తలుపు సందులోంచి విని లెక్క పెట్టింది, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో దగ్గడం కూడా కనిపెట్టింది, చివరికి చేయి పట్టుకుని లాక్కెళ్ళినట్టు తీసుకెళ్తే డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి, కిటికీకి అడ్డంగా పెట్టి చూసి, ఆ జబ్బు పేరు చెప్పింది. ఆ పేరు ఆమె ఇప్పటికీ పైకి అనదు. ఆరు నెలలు మాత్రలు, ఒక్క రోజు మానకూడదు, తగ్గిపోతుంది అంది. తగ్గిపోతోంది కూడా, నాలుగు నెలలయింది, దగ్గు పోయింది, బరువు పెరిగింది, బుగ్గలు పూడాయి, మొన్న మళ్ళీ ఫోటో తీసి చాలా బాగుందన్నారు. ఆయన ఆ వేళ స్వీట్లు తెచ్చాడు. ఆమె తినలేదు. ఇన్నాళ్ళూ ఆమె భయానికి ఒక చిరునామా ఉండేది, పిల్ల గుండెల మీద చెవి పెడితే చాలు, ఇప్పుడు అక్కడ అంతా బాగుందంటే భయం ఎక్కడికి వెళ్తుంది, పోదు కదా, ఇల్లు ఖాళీ చేసినవాడు ఊళ్ళోనే ఇంకెక్కడో దిగి ఉంటాడు, ఎక్కడ దిగాడో తెలియడం లేదు, అంతే.

అందుకే ఆ ఫోను. పోయిన వారం, బట్టలు తీయడానికి బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్తే, పిల్ల అవతల రెయిలింగు పట్టుకుని గోడ వైపు తిరిగి మెల్లగా మాట్లాడుతోంది. "ఇంకో వారం చూడండి సార్. తగ్గిపోతుంది. ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి, అమ్మకి తెలిస్తే ఇంక ఇల్లు ఇల్లులా ఉండదు." ఆమె తలుపు వెనకే కొయ్యబారిపోయింది. తెలియకూడనిది తనకే. సార్ ఎవరు. తగ్గేది ఏమిటి. దగ్గు తగ్గిందిగా. పెళ్ళైనవాడెవడైనా ఉన్నాడా, సార్ అంటోందంటే పెద్దవాడేనా, కోపం తగ్గిపోతుందనా, కడుపు తగ్గిపోతుందనా, ఛ, తల్లి అనుకోవలసిన మాటలేనా ఇవి, కానీ తల్లి అనుకోకపోతే ఎవరనుకుంటారు, లోకం అనుకునేలోగా తల్లి అనుకుని సిద్ధంగా ఉండాలి. ఇల్లంతా ఒకే రంగు వేయడం, ఫోను బాల్కనీలో మాట్లాడటం, పొద్దున పేపరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదవడం, ఈ మూడింటినీ ఒక తాడుతో కట్టాలని చూస్తోంది పదిరోజులుగా, కట్టు కట్టినట్టే ఉండి ఊడిపోతోంది. వెళ్ళిపోతోందా? వెళ్ళేవాళ్ళే ఇలా చేస్తారు, తమ గదిలో తమ రంగు కూడా మిగల్చకుండా, చిలకాకుపచ్చ మీద కూడా ఈ బూడిదే పూసేసింది, ఆ గోడ మీద పెన్సిలుతో ఏడాదికోసారి గీసిన ఎత్తు గీతలున్నాయి, ఉండనివ్వవే అంటే, "కింద ఉంటాయిలే అమ్మా, ఎక్కడికి పోతాయి," అంది.

దానికి రంగులంటే ప్రాణం, అదే అర్థం కానిది. మిషను మీద నంబరు కొడితే రంగు కలిసి వచ్చే రోజుల్లో కూడా ఆ కొట్టుకి ఊరంతా పాత గోడ పెచ్చులు పొట్లం కట్టుకుని వచ్చేది దీని కోసమే, వెలిసిపోయిన గోడకి జత కలపాలంటే మిషనుకి చేతకాదు, కన్ను కావాలి. పెచ్చు చేతిలో పెట్టుకుని, తెలుపు డబ్బాలో నలుపు చుక్కలు, పసుపు చుక్కలు, ఎరుపు చుక్కలు సీసాలతో వేసి, కలిపి, పుల్లతో అద్ది ఆరబెట్టి, ఇంకొక్క చుక్క అంటుంది, ఆ ఒక్క చుక్కతో గోడకీ డబ్బాకీ తేడా మాయమైపోతుంది. కొట్లో దాని పేరే చుక్క. "చుక్క ఉందా?" అని అడుగుతూ వస్తారు మేస్త్రీలు, సిగ్గు లేకుండా. అదీ ఇవాళ వచ్చిన విద్య కాదు. ఐదేళ్ళ పిల్లప్పుడు ఆయన పని చొక్కాకి ఊడిన గుండీ ఆమె కుడుతుంటే, ఒళ్ళో కూర్చుని వేలు పెట్టి చూపించింది, ఈ దారం వేరే నీలం అని. ఆమె దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసినా తేడా కనబడలేదు. ఆయనా చూశాడు, కనబడలేదు. దారపుండలు రెండూ తెచ్చి పక్కపక్కన పెడితే నిజంగానే వేరే నీలం. ఆ వేళ కూడా ఆమె భయపడింది, ఇంత చూసే పిల్ల ముందు ముందు ఎంతెంత చూసి ఎంత బాధపడుతుందో అని. ఆయన మాత్రం నెల్లాళ్ళు ఆ చొక్కానే వేసుకుని అందరికీ గుండీ చూపించాడు.

ఎండ కిటికీ చువ్వల మీదికి వచ్చింది. ఈ వేళప్పుడు కొత్త గోడలు ఇంకో రకంగా ఉంటాయి. ఆమె స్టూలు కొంచెం తిప్పుకుంది. అదిగో అక్కడ, హాలు మూల, రెండు గోడలు కలిసే చోట. ఇటు గోడ ఏదో మాసిన గులాబీ రేకులా ఉంది, అటు గోడ నాచు పట్టిన నీళ్ళలా ఉంది, మధ్యలో కత్తితో గీసినట్టు గీత. ఇది ఇవాళ కొత్తగా చూసింది కాదు. నాలుగో రోజే చూసింది. చూసి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసి, నోరు మూసుకుంది. కళ్ళలో పొర వస్తోంది కాబోలు అనుకుంది, వాళ్ళమ్మకి ఈ వయసులోనే వచ్చింది, ఆమెకి అన్నిటికీ భయమే గానీ తన ఒంటి మాట వచ్చేసరికి సిగ్గు, చెప్తే ఆయన మళ్ళీ ఒక జోకు వేస్తాడు, పిల్ల ఆస్పత్రికి పదమంటుంది, పైగా ఎవరి ముందు చెప్పాలి, ఒక్క చుక్క తేడా పట్టే పిల్ల ముందా. అది ఒకే రంగంటే ఒకే రంగే. వెలుగులో ఏదో మాయ. ఆమె ఎడమ కన్ను మూసుకుని చూసింది. కుడి కన్ను మూసుకుని చూసింది. గులాబీ గులాబీలాగే ఉంది, నాచు నాచులాగే ఉంది. లేచి నడవలోకి వెళ్ళింది, చెప్పులు లేకుండా, అడుగు చప్పుడు కాకుండా, ఖాళీ ఇంట్లో ఎవరికి వినబడుతుందని. నడవ మబ్బు పట్టిన నీలం. పిల్ల గది మళ్ళీ గులాబీ, ఇంకొంచెం ముదురు. వంటగది గుమ్మంలో నిలబడి తల మాత్రం లోపలికి పెట్టింది. తడి గోడ మెరుస్తోంది, పచ్చగా, ఎండబెట్టిన ఆకు నలిపినట్టు.

ఒక కంటి పొర ఇన్ని రంగులు చూపిస్తుందా.

బాల్కనీలో ఖాళీ డబ్బాలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి, పాత దుప్పటి కప్పి. దుప్పటి ఎందుకు కప్పినట్టు. ఖాళీ డబ్బాలకి చలేస్తుందా. అదిగో, అనుకుంది, అదీ సంగతి, కొట్లోంచి ఎత్తుకొచ్చిందా, అందుకేనా ఆ సార్ ఫోను, ఇంకో వారం ఆగండి అనడం, నా కడుపున దొంగ పుట్టిందా. దుప్పటి లాగేసింది. ఏడు డబ్బాలు. మూతలు విడిగా, గోడకి ఆనించి వరసగా. ప్రతి మూత మీదా పిల్ల చేతిరాత, ఒకే నంబరు, రెండు వందల పదిహేడు, పక్కన నమూనాకి వేలెడంత రంగు పూసి ఉంది. ఒక డబ్బా ఎత్తి తిప్పింది. పక్కన ఎర్ర సుద్దతో, పిల్ల రాత కాదు, పెద్ద పెద్ద అక్షరాలు, కోపంగా రాసినట్టు: వాపసు. రెండోది తిప్పింది. వాపసు. మూడోది. ఏడింటి మీదా అదే మాట. దొంగతనం కాదు. ముందు ఒళ్ళంతా తేలికయింది, ఒక్క క్షణం, తర్వాత ఆ తేలికలోంచే ఇంకేదో నీళ్ళు ఊరినట్టు ఊరడం మొదలెట్టింది. ఎవరు తిప్పి పంపారు. చుక్క కలిపిన రంగుని వద్దన్నవాడు ఎవడు. ఎందుకన్నాడు.

మూతలు ఏడూ ఒళ్ళో పోసుకుని హాల్లోకి వచ్చి, కిటికీ వెలుగు నేల మీద పలకలా పడినచోట వరసగా పరిచింది, మోకాళ్ళ మీద కూర్చుని. ఏడు మూతలు, ఒకే నంబరు, ఏడు రంగులు. దీనికి కన్ను కూడా అక్కర్లేదు, టైలరమ్మని పిలిచినా చెప్తుంది, ఆయన్ని పిలిచినా చెప్తాడు, ఇది మబ్బు, ఇది నాచు, ఇది గులాబీ అని. ఒకదానిలో ఎరుపు ఎక్కువై గులాబీ అయింది, ఒకదానిలో ఎరుపు చాలక నలుపూ పసుపూ కలిసి పచ్చబడింది, ఇంట్లో ఏళ్ళ తరబడి విన్న మాటలే, ఆమెకే తెలుస్తున్నాయి. చుక్కకి తెలియలేదా. తెలియకుండా ఏడుసార్లు. తెలియకుండా ఇల్లంతా. ఆమె వేళ్ళు మూతల మీద ఆగిపోయాయి. తెలియలేదు. దానికి తెలియడం లేదు. దాచింది ఇదే. మగవాడూ కాదు, ఇల్లమ్మడమూ కాదు, తను ఇన్నాళ్ళూ గుండెల మీద చెవి పెట్టి వింటోంది, అది వచ్చి కళ్ళలో దిగింది.

ఎందుకొచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఈ నాలుగు నెలల్లో కొత్తగా ఒంట్లోకి వెళ్ళింది ఏముంది, మాత్రలు తప్ప. లేచి పిల్ల గదిలోకి పరుగెత్తింది, మంచం మీద గుట్టగా పోసిన పుస్తకాలు, బట్టలు, వాటి కింద మాత్రల డబ్బా. మొదటిరోజు నర్సు డబ్బాలోనే మడిచి పెట్టిన కాగితం ఒకటుండేది, ఆమె చదవబోతే పిల్ల లాక్కుని, "ఇది నువ్వు చదివావంటే అందులో ఉన్నవన్నీ నీకే వస్తాయి," అని నవ్వింది, ఆ వేళ ముగ్గురూ నవ్వారు. కాగితం అక్కడే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి, చాలాసార్లు విప్పి మడిచినట్టు. ఆమె ఏడో తరగతితో ఆపేసిన మనిషి, వేలు కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. వాంతులు. ఒళ్ళు దురద. కీళ్ళ నొప్పులు. ఆ కింద, గోరుతో గీసిన గీత ఉన్నచోట: చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియకపోయినా వెంటనే మాకు చెప్పండి. ఆలస్యం చేయవద్దు.

గోరు గీత. చదివింది. తెలుసు దానికి.

తాళం తిరిగిన చప్పుడైంది. ఐదు ఇంకా కాలేదు, పది నిమిషాలుంది, అమ్మాయి సంచీ భుజాన వేలాడేసుకుని లోపలికి వస్తూ, "చెయ్యి పెట్టావా?" అంటూ నవ్వబోయి, నేల మీద మూతలు చూసింది. సంచీ భుజం మీంచి జారి మోచేతి దగ్గర ఆగింది. ఆమె కాగితం పట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉంది. అరవాలి ఇప్పుడు. ఎన్నిసార్లు ఊహించుకుంది, దొరికిపోయిన రోజు ఎలా అరవాలో, ఏయే మాటలనాలో. కాగితం ముందుకి చాపింది.

"ఎన్నాళ్ళయిందే?" అంది.

"మూడు వారాలు."

"ఆ సార్ ఎవరు?"

"ఏ సార్?" తర్వాత అర్థమై, "మా కొట్టు ఓనరే అమ్మా. ఇంకెవరనుకున్నావు?" అంది. "కస్టమర్ ఏడు డబ్బాలూ వెనక్కి పంపేశాడు. ఏడూ ఏడు రకాలుగా ఉన్నాయని. నాకు కనబడలేదమ్మా. ఎన్నిసార్లు చూసినా ఒక్కటే. ఆయనకేదో కోపం, కావాలని అంటున్నాడనుకున్నా. ఓనరు చూసి ఏమీ అనకుండా నన్ను బిల్లుల దగ్గర కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి అక్కడే."

"మరి ఈ ఇల్లు?"

అమ్మాయి మూతల పక్కనే గొంతుక్కూర్చుంది. "మూత మీద తెలియకపోతే గోడంత వేస్తే తెలుస్తుందేమోనని. ఒక్కో గదికి ఒక్కో డబ్బా వేశా. ఈ హాలుకి రెండు. తడి మీద తెలియలేదు, ఆరాక తెలుస్తుందనుకున్నా. రోజూ పొద్దున లేచి అన్ని గదులూ తిరిగి చూశా." ఒక మూతని వేలితో పక్కకి జరిపింది. "నిన్ను కూడా చూశా."

"నన్నా?"

"కూరలో ఉప్పు ఒక రవ్వ తగ్గితే చెప్పేదానివి. నీకు తేడాగా కనబడితే నోరు మూసుకుంటావా నువ్వు? నువ్వేమీ అనలేదు. పదిహేను రోజుల్లో ఒక్క మాట అనలేదు. అమ్మకే కనబడలేదంటే ఏమీ లేదన్న మాటే అనుకున్నా. మాత్రలు మానేస్తే ఆ దగ్గు మళ్ళీ వస్తుందిగా. ఇంకా రెండు నెలలే కదా అని..."

ఆమె గోడని పట్టుకుంది. పచ్చి గోడ కాదు, ఆరిన గోడే. ఇరవై ఆరేళ్ళు ప్రతిదానికీ అరిచిన నోరు, అరవాల్సిన ఒక్కసారి మూసుకుని కూర్చుంది, కళ్ళలో పొరేమోనని, ఎవరో నవ్వుతారని. నాలుగో రోజే ఒక్క మాట అని ఉంటే. ఏమే, ఈ మూల ఇలా ఉందేమిటే అని ఉంటే. పదకొండు రోజులు, రోజుకి ఎన్ని మాత్రలు, ఆ లెక్క వేయడం మొదలెట్టిన మనసుని చెవి పట్టుకుని ఆపింది, తర్వాత, ఆ ఏడుపు తర్వాత, దానికి బోలెడు టైముంది. డాక్టరమ్మ ఆరింటిదాకానే ఉంటుంది.

"వంటగది ఎలా ఉంది?" అంది అమ్మాయి, తల ఎత్తకుండా. "నిజం చెప్పు."

"పచ్చగా ఉంది."

"బాగా?"

"బాగానే."

అమ్మాయి తల ఊపింది. "ఎరుపు నాలుగు చుక్కలు తగ్గి ఉంటుంది," అంది మెల్లగా, ఇంకెవరో కలిపిన డబ్బా గురించి చెప్తున్నట్టు.

ఆమె ఫోను తీసి ఆస్పత్రికి కలిపింది. నర్సుకి ఆమె గొంతు బాగా తెలుసు, ఈ నాలుగు నెలల్లో ఎక్కిళ్ళకి చేసింది, జుట్టు ఊడిందని చేసింది, పిల్ల పరధ్యానంగా ఉందని చేసింది. "ఆ, చెప్పండమ్మా," అంది నర్సు, అవతల కాగితాలేవో చింపుతూ, గొంతులో నవ్వుని పంటి కింద పట్టుకుని, "ఈసారి ఏం వచ్చింది?"

ఏడు మూతలూ, చుక్కలూ, నాచూ, మబ్బూ, ఎక్కడి నుంచి మొదలెట్టినా చెప్తుండగానే ఆరు దాటిపోతుంది. గులాబీ గోడకీ పచ్చ గోడకీ మధ్య గీత వంక చూస్తూ, "మా అమ్మాయికి ఇల్లంతా ఒకే రంగులా కనబడుతోందమ్మా," అంది.

చెప్పగానే సిగ్గేసింది, ఎంత తెలివితక్కువ మాట. నర్సు నవ్వుతుందని ఎదురుచూసింది. అవతల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని రోజులుగా?"

"మూడు వారాలు."

"ఇవాళ మాత్రలు వేసుకుందా?"

ఆమె పిల్ల వంక చూసింది. పిల్ల తల ఊపింది. "వేసుకుంది."

"రేపటివి వేయకండి. డబ్బా మొత్తం పట్టుకుని ఇప్పుడే వచ్చేయండి, ఆటో దొరక్కపోతే నాకు చెయ్యండి. డాక్టరమ్మని నేను ఆపుతాను."

అమ్మాయి అప్పటికే మాత్రల డబ్బా తెచ్చి సంచీలో వేస్తోంది. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఫోను ఇంకా చెవికి ఆనించుకునే ఉంది. ఏ ఫోను చేసినా పెట్టేసే ముందు నర్సు ఒక మాటంటుంది, కంగారు పడకండమ్మా అని, విసుగ్గా అన్నా అంటుంది, ఆ మాట కోసమే ఆమె సగం ఫోన్లు చేసేది. దాని కోసం ఆగింది. అవతల ఎవరో కుర్చీ వెనక్కి జరిపి లేచిన చప్పుడు, నడవలో గబగబా వెళ్తున్న అడుగులు, తర్వాత ఫోను తెగిపోయింది. ఆ మాట అనలేదు.